నలభై దాటని ముల్లు

స్పీడోమీటర్ ముల్లు నలభై దగ్గర మొండికేసింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా అక్కడే వణుకుతుంది తప్ప పైకి పోదు.

“ఇంజన్ ఖతమ్ అయిపోనాదమ్మా. సోమారం సిల్తారా ఇనప ఫేక్టరీకి పంపిచ్చెస్తాను. కరిగించుకుంటారు,” అన్నాడు శివాజీ.

“ఇంజనుకేటి రోగం? ఆ మీటరే దొంగది. సాలు, ఇంక నోర్మూసుకో,” అంది తల్లి పైడమ్మ.

అది ఆమె మొగుడు పరదేశి బండి. రైల్వేలో రిటైరైన మర్నాడే మోజుపడి కొన్న పాతకాలం పికప్. పరదేశి పోయాడు గానీ బండి పోలేదు. దాని హారన్ మోగితే డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీ కుక్కలు కూడా లేచి దారిచ్చేవి. పైడమ్మ దాన్ని రోజూ కడిగేది. కొడుకు మోటార్‌సైకిల్ మీద కాకి రెట్ట వేసినా పట్టించుకునేది కాదు.

తగవు టాటీబంధ్‌లో మెకానిక్ ప్రేమ్‌చంద్ దగ్గరికి చేరింది. అతను మీటర్ కేబుల్ ఊడదీసి తిప్పి చూశాడు. బాగానే ఉంది.

“ఇంజనో మీటరో, ఒకటి అబద్ధమాడుతోంది. రోడ్డు మీద తేల్చుకుందాం,” అని హిందీలో తీర్పు చెప్పాడు.

ప్రేమ్‌చంద్ పికప్ నడపాలి. శివాజీ మోటార్‌సైకిల్ మీద పక్కనే రావాలి. దాని మీటర్ చూస్తే అసలు వేగం తెలిసిపోతుంది. ఇంతలో పైడమ్మ ముందు సీటెక్కి కూర్చుంది. దిగమని శివాజీ బతిమాలితే, “సాల్లేరా, పద,” అంది.

“మా అమ్మకు బీపీ. ఆమె చెప్పినట్టు నడుపు,” అని మెకానిక్‌కు హిందీలో జాగ్రత్తలు చెప్పాడు శివాజీ.

రోడ్డెక్కారు. పికప్ ముల్లు నలభైకొచ్చి ఆగింది. శివాజీ మీటరూ నలభయ్యే చూపించింది. నేనే గెలిచానని అతను ఇకిలించాడు.

అప్పుడే పికప్ కిటికీలోంచి తల్లి కేక వినిపించింది.

“చాలూ! చాలూ!”

పికప్ ఆగలేదు. ఒక్క దూకు దూకింది.

“చాలూ! చాలూ!”

శివాజీకి పైప్రాణాలు పైనే పోయాయి. తనూ వేగం పెంచాడు. అరవై, డెబ్భై, ఎనభై. అయినా పికప్ వెనక లైట్లే కనిపిస్తున్నాయి. కిటికీ బయట తల్లి కొంగు ఎగురుతోంది.

చివరికి ఒక ధాబా దగ్గర బండి ఆగింది. శివాజీ వచ్చి మెకానిక్ కాలర్ పట్టుకున్నాడు.

“బుద్ధుందా? తెలుగులో చాలు అంటే బస్, ఆపు అని! ముసల్ది ప్రాణభయంతో మొత్తుకుంటుంటే ఇంకా తొక్కుతావా?”

ప్రేమ్‌చంద్ రెండు చెవులూ పట్టుకున్నాడు. “మాఫ్ కరో భయ్యా! మా హిందీలో చాలూ అంటే నడుస్తూ ఉండటం. ఆపొద్దంటోంది కాబోలని తొక్కాను. తెలుగు నాకేం తెలుసు?”

తప్పు దిద్దుకోవడానికన్నట్టు వెంటనే మీటర్ అద్దం విప్పాడు. నలభై అంకె దగ్గర రంగు పొంగి ముల్లుకు అడ్డం పడుతోంది. గోటితో గీకేశాడు. ఇంజను మాత్రం గుర్రంలా ఉందన్నాడు.

శివాజీ ఇంక సిల్తారా ఊసెత్తలేదు. తల్లిని చెయ్యి పట్టుకుని దించాడు.

“బాగా భయపడ్డావా అమ్మా?”

పైడమ్మ కొంగు సర్దుకుంది.

“భయమేస్తే మన మాటలో ‘సాలు’ అంటాను గానీ, ఇందీలో ‘చాలూ’ అని ఎందుకంటానురా?”