పొయ్యిలో పెట్టిన సిమ్ము

మా ఇంట్లో పొయ్యికి ఒక సిమ్ము, తలుపు తాళానికి ఒక సిమ్ము. ఒకదానిది ఇంకొకదానిలో పెడితే కంపెనీ ఒప్పుకోదు.

మావారి మూడో మాసికం రోజున ప్లాను అయిపోయి పొయ్యి వెలగలేదు. కొత్తది సాయంత్రానికి గానీ రాదన్నారు. శాస్త్రిగారు వచ్చి కూర్చున్నారు. గంటలో తిరిగి పెట్టేద్దామని, మావారి ఫోన్లో సిమ్ము తీసి పొయ్యిలో పెట్టాను. అన్నం ఉడికింది. ఆయనకిష్టమైన గారెలు కూడా వేగాయి.

ఆఖరి వాయ తీస్తుండగా పొయ్యి తెర మీద అక్షరాలు వచ్చాయి. "ఫోను ప్లాను పొయ్యిలో వాడినందున ఈ నంబరు శాశ్వతంగా రద్దయింది."

భోజనాలయ్యాక అత్తయ్య రోజూలాగే కొడుకు నంబరు నొక్కారు. "బండి మీదున్నానండీ, ఆగాక నేనే చేస్తాను" అని ఆయన రికార్డు చేసి పెట్టుకున్న మాట వినడానికే. విని, "సరేలే నాన్నా, నెమ్మదిగా రా" అనేవారు.

ఇవాళ నా వైపు చూశారు.

"ఎవరో అమ్మాయి మాట్లాడుతోందే వసుధా, ఈ నంబరు లేదంటోంది. చూపానక తప్పు నొక్కానేమో, నువ్వు చెయ్యమ్మా."

ఆవిడ పక్కన కూర్చుని, ఒక్కొక్క అంకే పైకి చెబుతూ, తప్పు లేకుండా నొక్కాను.