పాట లేని గేంగు

టైడా స్టేషన్లో దిగిన మనిషి భుజాన నల్లపెట్టె ఒక్కటే ఉంది.

దిగగానే పట్టా పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పెట్టెకున్న మైకును ఇనుముకు దగ్గరగా పట్టాడు. ఖనిజం బండి దాటిపోయేదాకా కదల్లేదు.

"ఎంక్వైరీ ఆఫీసరు," అన్నాడు పట్టాల పని చేసే గేంగుకు మేటు గాసి, టీ గ్లాసు దించి.

బడ్డీలో టీ కాస్తున్న చిన్నమ్మలు చెయ్యి ఆగిపోయింది.

ఆమె మొగుడు భీమన్న ఆ గేంగులో పాటగాడు. అతను గొంతెత్తితే గడ్డపారలన్నీ ఒక్కసారి లేచేవి, పట్టా కదిలేది. మొన్న వానల్లో ఇంజను గుద్ది పోయాడు. పాట హోరులో కూత వినపడలేదని గేంగులో గుసగుస. అది బయటపడితే తప్పంతా చచ్చినవాడి నెత్తిన పడుతుంది. అందుకే గాసి అందరిచేతా ఒట్టు వేయించాడు. ఈ గేంగులో పాట లేదు, ఎప్పుడూ లేదు.

ఇప్పుడు ఈలతోనే పని.

చిన్నమ్మలుకు ఒకటే బెంగ. "మొకం కళ్ళముందే ఉంది గాసీ. గొంతే జారిపోతంది. ఒక్కపాలి ఇంటే సాలు," అనేది.

పెట్టె మనిషి గేంగులో అందరినీ అడిగాడు. అతను పెట్టె మూత తీస్తే చాలు, వాళ్ళు లేచిపోయారు. చివరికి టీ బడ్డీకి వచ్చాడు.

"రెండేళ్ళ కిందట నా బండి ఇలాంటి చోటే ఆగిందమ్మా. పట్టాలు జరుపుతూ ఒకాయన పాడుతున్నాడు. ఆయన కావాలి."

"ఎందుకు బాబూ?"

"ఆయనతోనే చెప్పాలి."

ఆ గొంతు విన్న మనిషి. ఎలా ఉండేదో చెప్పమని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ఇక్కడ పాడినోలు ఎవులూ నేరు."

అతని వేలు పెట్టె మీట మీదికి వెళ్ళింది. చిన్నమ్మలు చటుక్కున ఆ చెయ్యి పట్టుకుంది.

"నొక్కీకు బాబూ. నా మాట పట్టుకుపోయి ఏటి సేత్తావు? ఏ టేసనో పొరబడ్డావు. పైన టేసన్లలో సూసుకో."

అతను కొండవైపు చూశాడు. సరేనని తల ఊపాడు.

పాసింజరు అతన్ని ఎక్కించుకుని సొరంగంలోకి పోయింది.

"గట్టిదానివే వదినా," అన్నాడు గాసి.

కాసేపటికి స్టేషన్ మాస్టరు లక్ష్మణరావు టీకి వచ్చాడు. ఈమధ్యే బదిలీ మీద వచ్చినవాడు. ఇక్కడి సంగతులేవీ తెలియవు. ఇందాక టికెట్టు కొన్నాయన్ని చూశావా అంటూ మొదలుపెట్టాడు. ఆఫీసరు కాదట. బొంబాయిలో సంగీతం చేస్తాడట. మిల్లు మగ్గాల మోత, లేతు మిషన్ల రొద టేపుకెక్కించి, కరెంటు వాయిద్యాలతో కలిపి కడతాడట. ఏళ్ళ తరబడి అందరూ నవ్వారట. చివరికి ఒక్క రికార్డు పేరు తెచ్చిందట. అన్ని ఇనప మోతల మధ్యా అందులో ఉన్నది ఒకే ఒక్క మనిషి గొంతట.

"ఎవుల్ది బాబూ?" అంది చిన్నమ్మలు.

"ఎవరో పట్టాల పాటగాడిదట. బండి కిటికీలోంచి పట్టాడు. పెట్టెలో ఉన్న ఆ టేపు ఆయనకి వినిపించి, చేతిలో పెట్టి పోదామని స్టేషను స్టేషనూ దిగి వెతుకుతున్నాడు, పాపం."