మొండి తాళం

"తియ్యరా తాళం!"

అక్క రేకుపెట్టెను తెచ్చి, తాళాలు బాగుచేసే తమ్ముడి పనిబల్ల మీద దబ్బున పెట్టింది. మేనకోడలి మంచం కింద నుంచి లాక్కొచ్చిన పెట్టె అది. ముందు ఒక పాత తాళంకప్ప వేలాడుతోంది.

తాళాలాయన తలెత్తి చూసి, మళ్ళీ చేతిలో ఉన్న ఎవరిదో బీరువా తాళం వైపు వంగాడు. రెండుసార్లు తిప్పి చూశాడు. అలవాటుగా ఒక నూనె చుక్క వేశాడు. గుడ్డతో తుడిచి మేకుకు తగిలించాడు. అప్పుడన్నాడు.

"ఎక్కణ్ణుంచి తెచ్చావో అక్కడ పెట్టెయ్ అక్కా."

"పెట్టను. వారం వారం ఆ మనసు డాక్టరు దగ్గరికి వెళ్ళొస్తుంది. వచ్చి గది మూసుకుని ఇందులో ఏదో రాసి పెడుతుంది. ఏం రాస్తోందో తెలుసుకోవద్దూ? ఇంటి గుట్టు లంకకు చేటన్నారు!"

"అది గుట్టు కాదక్కా, గాయం. కట్టు కట్టినదాన్ని వచ్చినవాళ్ళల్లా విప్పి చూస్తే మానుతుందా?"

"ఓహో! మాటలు బాగా నేర్చావు. వీధిలో ఎవరు పిలిచినా పరిగెత్తుకెళ్ళి తాళం తీస్తావు. సొంతింటి తాళం దగ్గరికొచ్చేసరికి చేతులు పడిపోయాయా?"

"సొంతదారు ఎదురుగా నిలబడితేనే తీస్తాను. ముప్పై ఏళ్ళుగా అదే నా రూలు."

"ఇరవై ఒక్క ఏళ్ళ పిల్ల సొంతదారా? పెట్టె కొనిచ్చింది నువ్వు కాదూ?"

"కొన్నది నేనే. తాళం వేసుకున్నది తను."

అక్క ముక్కు ఎగబీల్చింది. బల్ల చివరనున్న సుత్తి అందుకుంది. "నువ్వు తియ్యకపోతే పోనీ. ఒక్క దెబ్బకు అదే ఊడొస్తుంది."

తాళాలాయన తాళంకప్ప మీద తన అరచెయ్యి పరిచాడు.

"కొట్టు. దెబ్బ ముందు ఈ చేతి మీద పడుతుంది."

సుత్తి గాల్లోనే ఆగింది. చిన్నప్పటి నుంచి ఈ తమ్ముడు తనకు ఎదురు చెప్పి ఎరగడు.

"నీకేమైనా పిచ్చి పట్టిందా?" అనేసి, ఆ మాట ఈ ఇంట్లో అనకూడనిదని తోచి నాలుక కరుచుకుంది. సుత్తి దించి గొంతు తగ్గించింది. "కన్నతండ్రివిరా! నీకు ఆ మాత్రం హక్కు లేదా?"

"ఆర్నెల్లు ఆ గదిలోంచి బయటికి రాలేదక్కా అది. అన్నం పళ్ళెం గుమ్మం దగ్గర పెట్టి వచ్చేవాణ్ణి. ఇప్పుడు తనంతట తనే బస్సెక్కి వైద్యానికి వెళ్తోంది. మొదటిరోజే ఒక మాటంది. 'ఈ పెట్టె ఎవరైనా తెరిస్తే నేనిక డాక్టరు దగ్గరికి వెళ్ళను నాన్నా' అని. ఆ హక్కు పేరు చెప్పి నా పిల్లని మళ్ళీ ఆ గదిలో పెట్టమంటావా?"

"అయితే ఆ దేవుడి పటం మీద ఒట్టేసి చెప్పు. అందులో ఏముందో చూడాలని నీకు లేదని!"

తాళాలాయన గోడ మీది పటం వైపు చూశాడు. ప్రొద్దున్నే దండం పెట్టుకోకుండా ఆయన ఆ బల్ల ముందు కూర్చోడు.

"లేదని ఎలా చెప్తాను? రోజూ అనిపిస్తుంది."

"మరి?"

"అనిపించినప్పుడల్లా తీసేస్తే... తాళాలు బాగుచేసేవాడికీ దొంగకీ తేడా ఏముంటుందక్కా?"

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. కూతురు సంచి భుజాన వేసుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంతవరకు విందో.

"ఇదిగో, సొంతదారే వచ్చింది!" అంది మేనత్త. "నువ్వే తీసి చూపించవే. నా గురించి ఏం రాశావో నేనూ చూస్తాను."

"తియ్యనత్తా. నీ గురించైతే ఏం రాయలేదులే. అంత పెద్ద పుస్తకం దొరకలేదు."

తాళాలాయనకు నవ్వొచ్చి దగ్గులోకి దాచుకున్నాడు. మేనత్త ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"తండ్రీకూతుళ్ళు ఒకే తానులో ముక్కలు! మీ ఇంట్లో ఇక మంచినీళ్ళు ముట్టుకుంటే ఒట్టు!" చెంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

కూతురు వచ్చి పెట్టె అందుకోబోయింది. తండ్రి చెయ్యి ఇంకా తాళం మీదే ఉంది. తియ్యాలని ఆయనకు తోచలేదు.

"అమ్మలూ, నీకొక మాట చెప్పాలి." ఆయన కళ్ళెత్తలేదు. "మీ అత్తకు అంత గట్టిగా చెప్పాను గానీ... నువ్వు మొదట్లో వెళ్ళేటప్పుడు, ఒక రోజు, నాకు భయం వేసి..."

"తెలుసు నాన్నా."

"ఏం తెలుసు?"

"పెట్టె తీశావని."

ఆయన ముఖం పాలిపోయింది. "ఒక్క పేజీనే చదివానమ్మా. ఆ తర్వాత చదవలేకపోయాను. ఎలా ఉన్నది అలాగే సర్ది పెట్టానే! ఎలా తెలిసింది?"

"ఇది మొండి తాళం. తిప్పుతుంటే నా వేళ్ళు నొప్పి పుట్టేవి. నాలుగు నెలల కింద ఒక రోజు వెన్నలా తిరిగింది."

తాళాలాయన బల్ల మీది నూనె డబ్బా వైపు చూశాడు. తర్వాత తన చేతి వైపు చూసుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఆ చెయ్యి ఏ తాళాన్నీ నూనె చుక్క వేయకుండా వదిలి ఎరగదు.

"తెలిసి కూడా... వైద్యం మానెయ్యలేదేమ్మా?"

కూతురు మెళ్ళోంచి తాళంచెవి తీసి కప్పలో పెట్టింది. తిరగలేదు. పళ్ళు బిగించి రెండు చేతులతో తిప్పితే, కిర్రుమని, అతికష్టం మీద తెరుచుకుంది.

"ఆ తర్వాత దీనికి మళ్ళీ నూనె పడలేదుగా నాన్నా!"