పెట్రోలు పంపు

నాలుగేళ్ళుగా మూగగా పడివున్న జీపు ఆ పొద్దున మొదటిసారి గొంతు విప్పింది. ఇంజను దడదడలాడింది. పైనున్న రేకులు అదిరాయి. పంచలో కోళ్ళు రోడ్డు మీదికి పరుగెత్తాయి.

సంజీవప్పకు మాత్రం సంతోషం కలగలేదు. నిమిషం కూడా కాకముందే ఇంజను ఆపేసి, రోడ్డు వైపు చెవి పెట్టాడు. ఏ బండీ రావడం లేదు. మళ్ళీ బానెట్టు కిందికి వంగాడు. బిగించిన నట్టునే మళ్ళీ బిగించాడు.

అది యుద్ధకాలం నాటి మిలిటరీ జీపు. బెంగుళూరులో వేలంలో కొని, లారీకెక్కించి పెనుకొండకు తెచ్చుకున్నాడు. బస్సుల షెడ్డులో పని ముగిశాక రోజూ దాంతోనే కాపురం. ఇంకా చక్రాలు ఎక్కలేదు. నాలుగు మూలలా రాళ్ళ మీద నిలబడి ఉంది. అన్నిటికంటే ఎక్కువ సతాయించింది పెట్రోలు పంపు. దానికోసం బెంగుళూరు పాతసామాన్ల అంగళ్ళన్నీ మూడుసార్లు గాలించాడు. పోయిన వారమే దొరికింది.

భార్య కుళ్ళాయమ్మ పిల్లల్ని తీసుకుని నిన్ననే ఊరికి పోయింది. "నువ్వు పొద్దున బస్సుకన్నా రా. ఇంట్లో కూర్చుంటే బాగుండదు" అని మరీ మరీ చెప్పింది. ఆ బస్సు అతని కళ్ళ ముందే పోయింది.

ఎనిమిదిన్నరప్పుడు రోడ్డు మీద జీపు చప్పుడు వినిపించింది. సంజీవప్ప చేతిలో పానాతోనే వాకిట్లోకి ఉరికాడు. పోలీసు జీపు. రెండుసార్లు దగ్గి, అతని ఇంటికి నాలుగు బారల దూరంలో ఆగిపోయింది.

ఇద్దరు కానిస్టేబుళ్ళు దాన్ని వాకిట్లోకి తోసుకొచ్చారు.

"ఏమప్పా, మెకానిక్కువేనా?" అన్నాడు ఎస్సై. "అర్జంటు. పదిన్నర లోపల సోమందేపల్లి దాటి, వంక అవతలి పల్లెలో ఉండాల మేము."

"ఏమైంది సార్?"

"పెండ్లి ఆపాల. పన్నెండేండ్ల పిల్లను అరవై ఏండ్ల ముసలోడు చేసుకుంటాండాడు. ఎవరో పేరు లేకుండా ఉత్తరం రాసినారు. మెజిస్ట్రేటు ఆర్డరు నా జేబులో ఉండాది. తాళి పడినాక ఇది చిత్తుకాగితమే."

సంజీవప్ప అప్పటికే బానెట్టు ఎత్తాడు. ప్లగ్గులు చూశాడు. బాగానే ఉన్నాయి. కార్బురేటరుకు వచ్చే గొట్టం ఊడదీసి, కానిస్టేబులు చేత హ్యాండిలు తిప్పించాడు. చుక్క పెట్రోలు రాలేదు.

"పంపు పోయింది సార్. లోపల పొర చినిగింది."

"కొత్తది యాడ దొరుకుతుంది?"

"హిందూపురంలో కూడా దొరకదు."

ఎస్సై గడియారం చూసుకున్నాడు. తర్వాత రాళ్ళ మీది జీపును చూశాడు. "దాంట్లో పోతే?"

"బ్రేకుల్లేవు, చక్రాల్లేవు సార్." సంజీవప్ప తన జీపు బానెట్టు మీద చెయ్యి వేశాడు. "పంపు ఉండాది, మీదానికీ సరిపోతుంది."

పది నిమిషాల్లో దాన్ని ఊడదీశాడు. పోలీసు జీపు పంపే రాలేదు. బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. కిరసనాయిలు పోశాడు. సుత్తితో తట్టాడు. బలమంతా పెట్టి పానా తిప్పాడు.

ఎస్సై అటూ ఇటూ తిరుగుతున్నాడు. "ఆ ముసలోనికి కొడుకులు లేరా, అడ్డం పడేదానికి? ఉంటే వాళ్ళు గాజులు తొడుక్కోవాల."

పానా జారింది. సంజీవప్ప వేళ్ళ కణుపులు చీరుకుపోయి నెత్తురు కారింది.

"మెల్లగా అప్పా!"

"తుప్పు సార్" అన్నాడు తలెత్తకుండా.

తన పంపు బిగించేటప్పుడు ఒక బోల్టు చేతిలోంచి జారి దుమ్ములో పడింది. పొట్ట మీద పాక్కుంటూ జీపు కిందంతా తడిమాడు.

"ముఖం ఎందుకట్ల పెట్టినావు?" ఎస్సై నవ్వాడు. "నీ జీపు పంపు పోయిందనా? తిరిగి ఇప్పిస్తాలే."

సంజీవప్ప ఇంకాస్త లోపలికి పాకాడు. బోల్టు దొరికింది. హ్యాండిలు తానే అందుకున్నాడు. ఒకసారి. రెండుసార్లు. నాలుగోసారికి ఇంజను అందుకుంది. అప్పటికి తొమ్మిదీ ఇరవై.

"నువ్వూ ఎక్కు. దారిలో ఆగితే?"

"ఆగదు సార్. వంకలో నీళ్ళు లేవు గానీ ఇసుక ఉండాది, నాలుగు చక్రాలకూ గేరు వేసుకోండి. దాటినాక బండగుండ్ల పక్క దారి పట్టుకోండి, దగ్గర."

జీపు దుమ్ము రేపుకుంటూ పోయింది.

ఆ తర్వాత సంజీవప్ప ఏ పనీ చేయలేకపోయాడు. చేతులు కడుక్కోలేదు. అన్నం తినలేదు. రోడ్డు దాకా పోవడం, రావడం. పదిన్నరయింది. పదకొండయింది. ఎండ నడినెత్తికి వచ్చింది.

ఒంటిగంటకు పోలీసు జీపు తిరిగొచ్చి వాకిట్లో ఆగింది.

"పెండ్లి ఆగిపాయె!" దిగకుండానే అరిచాడు ఎస్సై. "తాళి ఇంకా పళ్ళెంలోనే ఉండె. ఆ పిల్ల మెడలో దండ తీసి పారేసి పిల్లల్లోకి ఉరికింది. ముసలోడు మా కానిస్టేబులు మీద చెయ్యి చేసుకున్నాడు. పోలీసు కచేరీకి తీసుకపోతాండాం."

సంజీవప్ప జీపు వెనక్కి నడిచాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య పెండ్లికొడుకు తలొంచుకుని కూర్చుని ఉన్నాడు. నుదుటి బాసికం పక్కకు జారింది. పట్టుపంచె నిండా దుమ్ము.

"ఆ ఉత్తరం రాసినోడు ఎవడో తెలిస్తే చాలు" ముసలాయన పళ్ళు కొరికాడు. "వాని చేతులు విరిచేస్తా."

సంజీవప్ప మడ్డీ నెత్తురూ అంటిన చేతులు రెండూ ముందుకు చాచి, "ఇవే నాయనా ఆ చేతులు, నీ పెద్దకొడుకువి" అన్నాడు.