గట్టులో రెండో కలుగు

ఒక ఎలుకకు కాపురానికి గడ్డివాము కింద ఒక కలుగు, రేటు పెరిగాక అమ్ముకోవడానికి వరిచేను గట్టులో ఇంకో కలుగు ఉండేవి. ఆ రెండోదాని వల్లే తోటి ఎలుకలు దాన్ని ‘గారు’ అని పిలిచేవి.

నాట్లు పడగానే పందికొక్కు వచ్చి, గట్టులో కలుగు ఇస్తే బుట్టెడు వేరుశనక్కాయలు ఇస్తానంది.

"చేను పొట్టకు రానీ బావా, అప్పుడు చూద్దాం," అంది ఎలుక.

చేను పొట్టకు వచ్చింది. పందికొక్కు రెండు బుట్టలంది. ఎలుక జాలిగా నవ్వి, గింజ గట్టిపడితే నాలుగు పలుకుతుందని దానికి పాఠం చెప్పింది. గింజ గట్టిపడింది. పందికొక్కు నిజంగానే నాలుగు బుట్టలూ మోసుకొచ్చింది.

"నాలుగు ఇచ్చేవాడు ఐదు ఇవ్వలేడా?" అని భార్య చెవిలో గొణిగి, పందికొక్కును ఇంకో వారం ఆగమంది ఎలుక.

ఆ వారంలోనే కోత మిషన్ వచ్చింది. చేలో గింజ లేదు, చుట్టుపక్కల పందికొక్కూ లేదు.

"ఇప్పుడమ్మితే నష్టం. మళ్ళీ నాట్లు పడతాయిగా," అని ఎలుక గడ్డివాము కింద నిశ్చింతగా పడుకుంది.

నాట్లు పడలేదు. రైతు చేనును చేపల చెరువు చేశాడు.

ఎలుక భార్యను గట్టు మీదికి తీసుకొచ్చింది. "అదృష్టం చూశావా? మనది ఇప్పుడు చెరువు ఎదురు ఇల్లు. ఎనిమిది బుట్టలకు ఒక్క కాయ తగ్గించను," అంటూ కలుగులోకి మూతి పెట్టింది.

లోపల ఒక పీత పిల్లల్ని నిద్రపుచ్చుతోంది.

"ఎనిమిదికి ఎవరైనా వస్తే అమ్మేయండి," అంది పీత. "అంతవరకూ కాస్త పక్కకు జరగండి, వెలుతురు రావడం లేదు."