దమ్మొస్తున్నది

తెర మీద ఆరు పచ్చ చుక్కల్లో ఒకటి ఎర్రబడింది.

పత్తర్‌గట్టిలో నాన్న బట్టల దుకాణం పైన చిన్న గది. నుజహత్ పరాఠా ముక్కను ప్లేటులోనే వదిలేసి ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది.

అపాయింట్‌మెంట్లు చూసే ప్రోగ్రాం ఆగిపోయింది.

అఫ్జల్‌గంజ్ దగ్గరి డయాలసిస్ సెంటర్ కోసం ఆమె చేసిన చాట్‌బాట్ అది. రోగులు వాట్సాప్‌లో అడిగితే బదులిస్తుంది. పోయిన నెల దాకా అంతా ఒకే ముద్ద. ఒక మూల చెడితే మొత్తం మూగబోయేది.

"మైక్రోసర్వీసులు చేద్దాం విశాల్ భాయ్. ఒక్కో పనికి ఒక్కో చిన్న ప్రోగ్రాం. ఒకటి పడ్డా మిగిలినవి నడుస్తయ్," అని టీం లీడ్‌తో పదిహేను రోజులు వాదించింది.

"గింత చిన్న సెంటర్‌కు గంత లొల్లి ఎందుకు?" అన్నాడతను. చివరికి, "సరే. ఏమన్నయితే నువ్వే చూసుకోవాలె."

ఇప్పుడు అతనిదే ఫోన్.

"ఏంది నుజహత్? ఎవ్వరికీ స్లాట్ దొరుకుతలేదంట!"

"చూస్తున్న భాయ్. జర టైమియ్యి."

ఫోన్ పెట్టేసేలోపే తెర మీద కొత్త మెసేజ్. ధూల్‌పేట్‌లో ఉండే పేషెంటు కృష్ణయ్య ఫోన్ నుంచి. రాసింది ఆయన భార్య ఆండాలు.

"మా ఆయనకు దమ్మొస్తున్నది. పండుకుంటే ఊపిరాడ్తలేదు. ఇయ్యాల నంబర్ దొరుకుతదా?"

నుజహత్ ఆ మెసేజ్‌ను మళ్ళీ చదివింది.

పాత బాట్ అయితే 'నంబర్' అన్న మాట పట్టుకుని అపాయింట్‌మెంట్ల వైపు తోసేది. అక్కడిప్పుడు పలికే దిక్కు లేదు.

ప్రమాదాన్ని పసిగట్టే ప్రోగ్రాంను మాత్రం ఆమె విడిగా కట్టింది. నానమ్మ ఇక్బాలున్నీసా పక్కన కూర్చుని, ఊపిరి అందకపోతే ఈ గల్లీల్లో ఎవరెవరు ఎట్లా చెప్తారో ఒక్కొక్కటే అడిగి అందులో రాసింది.

దాని చుక్క ఇంకా పచ్చగానే ఉంది.

ఒక సెకను. రెండు.

"నర్సుకు కబురు వెళ్ళింది. ఆయన్ని పడుకోబెట్టకండి, కూర్చోబెట్టండి. వెంటనే సెంటర్‌కు బయల్దేరండి," అని బాట్ బదులిచ్చింది.

అయినా మనసు ఆగలేదు. సెంటర్‌కు ఫోన్ చేసింది. నర్సు కీర్తిప్రియ ఎత్తింది.

"ఆఁ, కబురొచ్చింది. ఆటోల వస్తున్నరు. మిషిన్ ఖాళీ చేసి పెట్టినం. ఇంతకూ మీరెవరమ్మా, వాళ్ళ బిడ్డనా?"

"కాదు మేడం," అంది నుజహత్. ఫోన్ పెట్టేసింది.

ఎర్ర చుక్క పచ్చబడటానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ తర్వాత గాని చల్లారిన పరాఠా గుర్తుకు రాలేదు.

మధ్యాహ్నం ఆండాలు మళ్ళీ రాసింది.

"ఇప్పుడు మంచిగున్నడు. చాయ్ కావాలని ఒకటే లొల్లి. నీళ్ళు, చాయ్ లెక్కతోనే తాగాలన్నరు గద, ఇయ్యొచ్చా?"

బాట్ ఆ ప్రశ్నను నర్సుకు పంపింది.

జవాబు కోసం నుజహత్ కూడా కూర్చుంది.

"అర కప్పు," అని వచ్చింది.