బీరమ్మ బిందె

బీరమ్మ బిందె మళ్లీ పగిలింది.

నకిరేకల్ అంగడి రోజున దాన్ని చంకన పెట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడింది.

"ఏం బిందెలు చేస్తున్నవ్ తమ్మీ? నెల గూడ ఆగలే. మెడ కాడ చూడు, ఎట్ల చీలిందో!"

ఫక్రుద్దీన్ బిందెను తిప్పి చూశాడు. పాత డ్రమ్ముల గట్టి ప్లాస్టిక్కు, పాల సంచుల మెత్తటి ప్లాస్టిక్కు కలిపి కరిగించి, అచ్చుల్లో బిందెలు చేస్తాడతను. ఆ రెండూ ఒక పట్టాన కలవవు. మేళ్లచెరువు సున్నపురాయి పొడి పిండిలా మెత్తగా పడితే బిందె గట్టిగా నిలుస్తుంది. గరుకు పలుకులు పడ్డాయా, అక్కడే చీలుతుంది. వేడి మించినా పెళుసే.

"మిషను వేడి ఎక్కువైనట్టుంది అక్కా. వచ్చే అంగడికి కొత్తది చేసి పెడ్త. జర కూసో."

"సరే. అప్పటిదాక దీంతోనే ఎల్లదీస్త."

బీరమ్మ కూర్చుంది. మూట విప్పి జొన్నరొట్టె, తొక్కు అతని ముందు పెట్టింది. ఈనిన గొర్రెల సంగతి, పట్టేసిన మోకాళ్ల సంగతి చెప్పుకుపోయింది. ఫక్రుద్దీన్ మెల్లగా నములుతూ విన్నాడు. భార్య సకీనా పోయాక అతని ఇంట్లో పొయ్యి వెలగలేదు. మిషను ఆగి పనివాడు ఇంటికి పోతే షెడ్డులో మనిషి గొంతు వినపడదు.

లేస్తూ బీరమ్మ నసిగింది. "ఊర్లె అందరి బిందెలు మంచిగనే ఉన్నయి తమ్మీ. నా చేతిలనే ఏదో దోషమున్నదేమో."

"అట్లనకు అక్కా. తప్పు నాదే."

ఆమె వెళ్లేదాకా ఆగి, మిషను నడిపే పర్వతాలు విసుక్కున్నాడు.

"ఎవ్వరి బిందె వాపస్ రాదు. గీమెదే ఎందుకు పగుల్తది? రాయికేసి కొడ్తున్నదేమో! ముఫత్‌గ ఇస్తున్నవని మరిగింది."

"మొగడు పోయిండు, పిల్లల్లేరు. ఒక్కతే ఉంటది. మాట్లాడనీకి మనిషి లేక వస్తుందేమోలే."

"అయితే ఈసారి పగలని బిందె చేసియ్యి. మల్ల రాదు."

ఫక్రుద్దీన్ సున్నపురాయి పొడి బస్తా మూతి కట్టేశాడు.

"ఆమెది నేనే చేస్త. నువ్వు ముట్టకు."

మర్నాడు, వచ్చే అంగడి బిందెలన్నిటికీ పొడిని రెండుసార్లు జల్లించి, జల్లెడలో మిగిలిన గరుకు పలుకులను ఫక్రుద్దీన్ ఎప్పట్లాగే బీరమ్మ బిందె కోసం విడిగా ఎత్తిపెట్టాడు.